మౌటిన్యో మీద జాలి దేనికి?

మా స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తూనే ఉంటుంది. 2016 యూరో క్వార్టర్ ఫైనల్, మార్సేలో పోర్చుగల్‌కీ పోలండ్‌కీ మధ్య. ఎక్స్‌ట్రా టైమ్ కూడా అయిపోయింది, స్కోరు 1-1. పెనాల్టీలు ఎవరెవరు కొట్టాలో తేల్చుకుంటున్నారు. రొనాల్డో తన జట్టులోనే ఉన్న జొవావ్ మౌటిన్యో అనే పొట్టి మిడ్‌ఫీల్డర్ వెంటపడి, రా, నువ్వు కొట్టు, నువ్వు బాగా కొడతావు, ఓడితే ఓడాం అన్నట్టు చెబుతుంటాడు. ఆ పొట్టి మనిషి మొహంలో ఉత్సాహమేమీ కనిపించదు. వీడియో అక్కడితో ఆగిపోతుంది. కింద ఎవరో తెలుగులో ‘లీడర్ అంటే ఇలా ఉండాలి’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటారు. మేనేజర్లకి, సేల్స్ టీములకి, ఎంసెట్ పిల్లలకి, అందరికీ పనికొచ్చే సరుకన్నమాట.

ఈమధ్య వచ్చినప్పుడు గ్రూపులో ఒకాయన, మాలో ఫుట్‌బాల్ కాస్త ఎక్కువ చూసేవాడే, ఇంకో మాట చేర్చాడు. "పాపం మౌటిన్యో. ఇరవై ఏళ్ళు ఆడాడు, ఎవడికీ పేరు తెలీదు. రొనాల్డో నీడలోనే జీవితం వెళ్ళిపోయింది." దాని కింద వరసగా కన్నీళ్ళ బొమ్మలు.

లీడర్ సూక్తి కంటే ఈ ‘పాపం’ నాకెక్కువ తిక్క తెప్పించింది. జొవావ్ మౌటిన్యో మీద జాలిపడాల్సిన అవసరం ఎవరికీ లేదని నా అభిప్రాయం. అతనికి రావాల్సింది దాదాపు అంతా వచ్చింది, కొన్నిసార్లు రావాల్సినదానికంటే ఎక్కువే వచ్చింది. గుర్తించాల్సినవాళ్ళు మొదట్లోనే గుర్తించారు. గుర్తించనిదల్లా రాత్రి పన్నెండున్నరకి టీవీ పెట్టుకుని, కామెంటేటర్ గొంతు పెరిగినప్పుడు మాత్రమే ఫోన్లోంచి తలెత్తే మనం. మనం చూడకపోతే అది అతని దురదృష్టం ఎలా అవుతుంది? పైగా ‘పాపం’ అనడంలో ఒక సుఖం ఉంది. అతని ఆట చూసే శ్రమ లేకుండానే అతని పక్షాన నిలబడ్డట్టు ఉంటుంది.

రెండు పెనాల్టీలు

ఆ వీడియోలో మనిషి మొహం అలా ఎందుకుందో తెలియాలంటే నాలుగేళ్ళు వెనక్కి పోవాలి. 2012 జూన్ 27, దోనెత్స్క్. యూరో సెమీ ఫైనల్, ఎదురుగా స్పెయిన్. గోల్ పడలేదు, ఆట పెనాల్టీల దాకా వెళ్ళింది. స్పెయిన్ తరఫున మొదట షాబీ అలొన్సో కొట్టాడు, పోర్చుగల్ గోల్‌కీపర్ రూయి పట్రీసియో ఆపేశాడు. పోర్చుగల్ మొదటి పెనాల్టీ మౌటిన్యోది. అది పడితే ఆధిక్యం వాళ్ళ చేతిలో. స్పెయిన్ గోల్‌కీపర్ కసియాస్ పక్కకి దూకి ఆపేశాడు. ఆ తర్వాత బ్రూనో ఆల్వెస్ కొట్టింది బారుకి తగిలింది, ఫాబ్రెగాస్ కొట్టింది పోస్టుకి తగిలి లోపలికి వెళ్ళింది. ఐదో పెనాల్టీ కోసం ఆగిన రొనాల్డోకి వంతే రాలేదు.

మర్నాడు ఏ పేపరు చూసినా, ఏ టీవీ చర్చ విన్నా ఒకటే ప్రశ్న: రొనాల్డో ఐదోవాడుగా ఎందుకు ఆగాడు? మౌటిన్యో తప్పాడని వార్తలో ఒక వాక్యం ఉండేది, అంతే. కోపమంతా, చర్చంతా, వెక్కిరింపంతా కొట్టనివాడి మీదికి పోయింది. 1994 ప్రపంచ కప్ ఫైనల్‌లో రొబెర్టో బాజ్జో కొట్టిన పెనాల్టీ ఇన్నేళ్ళయినా అతన్ని వదల్లేదు. అదే షూటౌట్‌లో ఇటలీ తరఫున బరేసీ, మస్సారో కూడా తప్పారని ఎంతమందికి గుర్తుంది? పేరు లేకపోవడం వల్ల పోయేదెంతో, మిగిలేదీ అంతే ఉంటుంది. మా గ్రూపు పెద్దమనిషి చెప్పిన ఆ నీడే దోనెత్స్క్‌లో మౌటిన్యోకి గొడుగు పట్టింది.

బయట ఎవరూ గుర్తుపెట్టుకోకపోయినా కొట్టినవాడు మర్చిపోడు కదా. మార్సేలో రొనాల్డో పిలిచింది ఆ మనిషిని. ఈసారి రొనాల్డో ఐదో వంతు దాకా ఆగలేదు, మొదటిది తనే కొట్టాడు. రెండోది పద్దెనిమిదేళ్ళ రెనాటో సాంచెజ్. మూడోది మౌటిన్యో. నడిచి వెళ్ళాడు, కొట్టాడు, పడింది. పోలండ్ తరఫున బ్వాష్చికోవ్‌స్కీది పట్రీసియో ఆపాడు, చివరిది క్వరెజ్మా కొట్టాడు. 5-3.

రొనాల్డో వెంటపడి ఉండకపోతే అతను వెళ్ళేవాడా? వెళ్ళకపోయి ఉండొచ్చు. ఆ మొహం చూస్తే నాకూ అదే అనిపిస్తుంది, ఆ మేరకు రొనాల్డోకి దక్కాల్సింది దక్కాల్సిందే. కానీ "నువ్వు బాగా కొడతావు" అన్నది ఊరికే ధైర్యం చెప్పడానికి అన్న మాట కాదు. క్లబ్బుల్లో ఫ్రీ కిక్కులు, కార్నర్లు కొట్టే కాలు అతనిది. పక్కన ఏళ్ళ తరబడి ప్రాక్టీసు చేసినవాడికి ఆ సంగతి తెలుసు. నాకు అభ్యంతరం వీడియో కత్తిరించిన చోటు గురించి. కొట్టింది చూపించకుండా ఆపేస్తే ఇక కొట్టమన్నవాడే కదా హీరో.

కుళ్ళిన ఆపిల్

మౌటిన్యో పుట్టింది 1986లో, దక్షిణాన సముద్రపొడ్డున పోర్తిమావ్‌లో. చిన్నప్పుడే లిస్బన్ వెళ్ళి స్పోర్టింగ్ క్లబ్బు కుర్రాళ్ళ జట్లలో పెరిగాడు. 2005 జనవరిలో, పద్దెనిమిదేళ్ళకే పెద్ద జట్టులోకి వచ్చాడు. ఆ మే నెలలోనే యూరప్ క్లబ్బులు ఆడే యుయెఫా కప్ ఫైనల్, అదీ సొంత మైదానం అల్వలాదేలో. సీఎస్‌కేఏ మాస్కో చేతిలో 3-1తో ఓడారు. ఆ ఆగస్టులో జాతీయ జట్టు. ఇంకో రెండేళ్ళు తిరిగేసరికి స్పోర్టింగ్ కెప్టెన్.

ఆ కాలంలో స్పోర్టింగ్‌ని అభిమానించడం చాలా ఓపిక కావాల్సిన పని. 2006 నుంచి 2009 దాకా వరసగా నాలుగు సీజన్లు లీగులో రెండో స్థానం. నాలుగుసార్లూ మొదటిది పోర్టో. 2010లో అదీ లేదు, నాలుగో స్థానానికి జారిపోయారు. అదే ఏడాది కోచ్ కార్లోస్ కైరోజ్ మౌటిన్యోని ప్రపంచ కప్ జట్టులోకి తీసుకోలేదు. 23 ఏళ్ళకి కెప్టెన్ పట్టీ ఉంది, ప్రపంచ కప్ లేదు, లీగు టైటిల్ లేదు, వచ్చే సూచనా లేదు.

ఆ జూలైలో పోర్టోకి వెళ్ళిపోయాడు. ధర 1.1 కోట్ల యూరోలు. స్పోర్టింగ్ అధ్యక్షుడు బెటెన్‌కూర్ అతన్ని బహిరంగంగా ‘కుళ్ళిన ఆపిల్’ అన్నాడు. పోర్చుగల్‌లో ఆ మాట ఇప్పటికీ మౌటిన్యో పేరు పక్కనే ఉంటుంది.

స్పోర్టింగ్ అభిమానుల కోపం నాకు అర్థమవుతుంది. తమ అకాడమీలో పెరిగినవాడు, తమ కెప్టెన్, పోయి పోయి ప్రతి ఏడాదీ తమ నోటికాడ కూడు లాక్కున్న క్లబ్బులో చేరితే ఒళ్ళు మండకుండా ఎలా ఉంటుంది? పరాయి దేశం వెళ్ళి ఉంటే స్టేషన్‌కొచ్చి సాగనంపేవాళ్ళు. అభిమాని డబ్బు పెట్టి టికెట్ కొంటాడు, బదులుగా అతనికి దొరికేది ఆ మమకారం ఒక్కటే. దానికి దెబ్బ తగిలితే అరిచే హక్కు అతనికుంది.

అధ్యక్షుడి సంగతి వేరు. సంతకం పెట్టింది ఆయన. 1.1 కోట్లు తీసుకున్నది ఆయన క్లబ్బు. రేపు పోర్టో ఇతన్ని లాభానికి అమ్మితే అందులో పావు వంతు తమకి రావాలని షరతు పెట్టుకున్నదీ వాళ్ళే. కుళ్ళిన సరుకైతే ముందు ముందు లాభం వస్తుందని వాటా ఎందుకు రాయించుకున్నట్టు? అమ్మేవాడికి సరుకు విలువ బాగా తెలుసు. నింద జనం కోసం, షరతు లెక్కల పుస్తకం కోసం.

పోర్టోలో మొదటి సీజన్ చెప్పక్కర్లేదు. ఆంద్రే విలాష్-బోవాష్ కోచ్, ముందు హల్క్, ఫాల్కావో. లీగులో 30 మ్యాచుల్లో 27 గెలుపులు, 3 డ్రాలు, ఓటమి లేదు. టైటిల్ ఖాయమైంది ప్రత్యర్థి క్లబ్బు బెన్‌ఫికా మైదానంలోనే. ఆట అయ్యాక అక్కడివాళ్ళు దీపాలార్పి నీళ్ళ గొట్టాలు విప్పారు, పోర్టో వాళ్ళు ఆ చీకట్లోనే తడుస్తూ గంతులేశారు. పైన యూరోపా లీగ్, దేశవాళీ కప్పు. మూడేళ్ళలో మూడు లీగులు. స్పోర్టింగ్‌కి మళ్ళీ లీగు దక్కింది 2021లో, 2002 తర్వాత అదే. ఆ మధ్యలో మౌటిన్యో పోర్టోలో మూడు, ఫ్రెంచ్ లీగులో ఆడే మొనాకోలో ఒకటి గెలిచి, ఇంగ్లండులో స్థిరపడి ఉన్నాడు. జాలిపడాల్సిన వాళ్ళెవరో నాకైతే స్పష్టంగానే కనిపిస్తోంది.

ఏడు కోట్లలో రెండున్నర కోట్లు

2013 మేలో మొనాకో ఒకే దఫాలో పోర్టో నుంచి ఇద్దర్ని కొంది. హామెస్ రోడ్రిగెజ్, మౌటిన్యో. మొత్తం 7 కోట్ల యూరోలు. హామెస్‌ది 4.5 కోట్లు, మౌటిన్యోది 2.5 కోట్లు అని లెక్క చూపించారు. ‘పక్కవాడి వెలుగులో మరుగునపడ్డాడు’ అనే వాళ్ళకి ఇది ఇష్టమైన ఉదాహరణ. హామెస్ మరుసటి ఏడాది ప్రపంచ కప్‌లో ఆరు గోల్స్ కొట్టి రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళాడు. అదే ప్రపంచ కప్‌లో మౌటిన్యో ఆడిన పోర్చుగల్ జర్మనీ చేతిలో 4-0 తిని గ్రూపు దశలోనే ఇంటికొచ్చింది.

ఆ విభజన వెనక ఇంకో కథ ఉందని స్పోర్టింగ్ వాళ్ళ అనుమానం. మౌటిన్యో ధర ఎంత తక్కువ చూపిస్తే వాళ్ళకి చేరే పావు వంతు అంత తగ్గుతుంది కదా. నిజానిజాలు ఎలా ఉన్నా, 2013లో 26 ఏళ్ళ మిడ్‌ఫీల్డర్‌కి, అదీ ఏడాదికి గట్టిగా రెండు మూడు గోల్స్ కొట్టేవాడికి, 2.5 కోట్లంటే చిన్న సొమ్ము కాదు. విలువ తెలియనివాళ్ళు పెట్టే ధర కాదది.

అంతకు ఏడాది ముందు ఇంకోటి జరిగింది. 2012 ఆగస్టు చివర్లో లండన్ క్లబ్బు టాటెన్‌హామ్ వాళ్ళు లూకా మోడ్రిచ్‌ని రియల్ మాడ్రిడ్‌కి అమ్మారు. టాటెన్‌హామ్‌లో కొత్త కోచ్ ఎవరనుకున్నారు, విలాష్-బోవాష్. మోడ్రిచ్ చోటులో మౌటిన్యోని తెచ్చుకోవాలని ట్రాన్స్‌ఫర్ గడువు ఆఖరి రోజు రాత్రిదాకా కూర్చున్నారు. అప్పట్లో మౌటిన్యో హక్కుల్లో బయటి పెట్టుబడిదారులకీ వాటా ఉండేది. ఆటగాడి మీద ఇలా వాటాలు కొనుక్కోవడాన్ని ఫిఫా 2015లో నిషేధించింది. ఆ రాత్రి మాత్రం గంట కొట్టేశారు, ఒప్పందం తేలలేదు.

ఇక్కడ నాకూ కొంచెం మనసు మెత్తబడుతుంది. మోడ్రిచ్ తర్వాత ఏమయ్యాడో చూశాం. ఇద్దరూ పొట్టివాళ్ళే, వయసులో ఒక్క ఏడాదే తేడా, ఇద్దరూ బంతిని గౌరవంగా చూసుకునేవాళ్ళే. ఒకడు ఏటా ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డీ’ఓర్ దాకా వెళ్ళాడు. ఇంకొకడికి లండన్ ఫ్యాక్స్ సమయానికి అందలేదు. విధి అందామా?

అనలేను. మోడ్రిచ్ బంతితో ఒక మనిషిని దాటి పోగలడు. పాదం బయటి అంచుతో నలభై గజాల పాస్ వేయగలడు. మౌటిన్యో ఆ పని చేయడు. తన ముందున్నవాణ్ణి దాటే బదులు, వాడు దగ్గరికొచ్చేలోపే బంతిని వదిలించుకుంటాడు. అది తెలివే, కానీ అది వేరే తరగతి తెలివి. రియల్ మాడ్రిడ్ మొదటి ఆటగాణ్ణి కొంది, రెండోవాణ్ణి కొనలేదు. వాళ్ళ లెక్క సరైనదే. మనకి ఇష్టమైనవాడికి అందనిదల్లా అన్యాయంగా పోయిందనుకోవడం అభిమానుల జబ్బు.

ఆ పాస్

ఫ్రాన్స్‌తో ఆడిన 2016 యూరో ఫైనల్‌ని నేను తర్వాత మళ్ళీ చూశాను, బంతిని వదిలేసి అతనొక్కణ్ణే చూస్తూ. ఇలా చూడటం మొదట్లో విసుగ్గా ఉంటుంది. గోల్ మీదికి కొట్టిన షాట్ లేదు, జనం లేచి నిలబడే పని ఒక్కటీ లేదు. కాసేపయ్యాక కళ్ళు అలవాటు పడతాయి. బంతి తన దగ్గరికి రాకముందే తల రెండుసార్లు తిరుగుతుంది, భుజం మీదుగా వెనక ఎవరున్నారో చూసుకోవడానికి. ఒళ్ళు సగం తిప్పి నిలబడతాడు, బంతి వచ్చేసరికే రెండు దారులు తెరిచి ఉంటాయి. ఇచ్చేస్తాడు. ఇచ్చాక ఆగడు, నాలుగడుగులు పక్కకి వేసి మళ్ళీ అడుగుతాడు. చెయ్యి ఎప్పుడూ ఎటో చూపిస్తూనే ఉంటుంది, నువ్వు అటు పో, నువ్వు వెనక్కి రా అని.

ఆ టోర్నమెంటులో అతను మామూలు పదకొండు మందిలో కూడా లేడు. గ్రూపు దశలో ఆడాడు, జట్టు మూడింట్లోనూ డ్రా చేసింది. హంగరీతో మూడో మ్యాచ్‌లో సగం ఆటకే తీసేసి రెనాటో సాంచెజ్‌ని దింపారు. క్రొయేషియాతో మ్యాచ్ నుంచి అతని చోట ఆద్రియన్ సిల్వా వచ్చాడు. ఆద్రియన్ అప్పటి స్పోర్టింగ్ కెప్టెన్.

ఫైనల్లో రొనాల్డో మోకాలికి దెబ్బ తగిలి 25వ నిమిషంలో కంటనీటితో స్ట్రెచర్ మీద వెళ్ళిపోయాడు. మనందరికీ గుర్తుండేది అదే. 66వ నిమిషంలో బోర్డు ఎత్తారు: ఆద్రియన్ బయటికి, మౌటిన్యో లోపలికి. స్పోర్టింగ్ కెప్టెన్ స్థానంలో స్పోర్టింగ్ మాజీ కెప్టెన్, అదే కుళ్ళిన ఆపిల్. ఆ రాత్రి పోర్చుగల్ తరఫున మైదానంలో కాలుపెట్టిన 14 మందిలో 10 మంది ఏదో ఒక వయసులో స్పోర్టింగ్ కుర్రాళ్ళ జట్లలో ఆడినవాళ్ళే. పోర్టో మీదా బెన్‌ఫికా మీదా ఎన్ని టైటిళ్ళు పోగొట్టుకున్నా, ఆ కప్పులో సింహభాగం స్పోర్టింగ్‌దని నేను వాదిస్తాను. ఆ పది మందిలో మౌటిన్యోని కూడా కలుపుకుంటేనే లెక్క పదికి వస్తుంది. ఆ క్లబ్బు ఈ లెక్క చెప్పేటప్పుడు ఆపిల్ సంగతి ఎత్తకపోవడం నాకు సరదాగా ఉంటుంది.

108వ నిమిషంలో పోర్చుగల్ ఫార్వర్డ్ ఎడెర్ చేతికి తగిలిన బంతిని ఫ్రాన్స్ డిఫెండర్ కొషియెల్నీ చేతికి తగిలిందనుకుని రిఫరీ క్లాటెన్‌బర్గ్ పోర్చుగల్‌కి ఫ్రీ కిక్ ఇచ్చాడు. గెరెరో కొట్టాడు, బారు అదిరింది. ఫ్రాన్స్ ఆటగాళ్ళు ఇంకా ఆ అదురులోనే ఉన్నారు. మరుసటి నిమిషంలో బంతి మౌటిన్యో దగ్గరికొచ్చింది. ఎడెర్ గోల్‌కి వీపు చేసి, కొషియెల్నీని వెనక మోస్తూ నిలబడి ఉన్నాడు. మౌటిన్యో నేల మీద ఒక పాస్ ఇచ్చాడు. పది గజాలో, ఇంకాస్త ఎక్కువో. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఎడెర్ భుజంతో కొషియెల్నీని నెట్టుకుని, తిరిగి, కుడివైపుకి కొంత దూరం నడిపి, పాతిక గజాల నుంచి కింద మూలకి కొట్టాడు. ఫ్రాన్స్ గోల్‌కీపర్ లోరిస్ అందుకోలేకపోయాడు. 1-0. పోర్చుగల్ మొట్టమొదటి పెద్ద కప్పు.

ఆ పాస్‌ని గొప్ప చేయాలని నాకూ కోరిక ఉంది. నిజాయితీగా చూస్తే అందులో నూటికి తొంభై వంతులు ఎడెర్‌దే. వందసార్లు అలాంటి పాస్ ఇస్తే తొంభైతొమ్మిదిసార్లు ఏమీ జరగదు. అయితే ఆ వందా ఇచ్చేవాడు ఎవడో ఒకడు ఉండాలి, అదీ 109వ నిమిషంలో, కాళ్ళు ఒణికే వేళ, సరిగ్గా అందుకునేవాడి కాలికి. బంతి ఇంకాస్త వేగంగా వచ్చి ఉంటే ఎడెర్‌కి అదుపు చేయడం కష్టమయ్యేది, ఇంకాస్త మెల్లగా వచ్చి ఉంటే కొషియెల్నీ ముందుకొచ్చి కాలు పెట్టేవాడు.

ఇలాంటివి అతని ఖాతాలో ఇంకా ఉన్నాయి. 2012 క్వార్టర్ ఫైనల్లో చెక్ రిపబ్లిక్ మీద రొనాల్డో తలతో కొట్టిన గోల్‌కి క్రాస్ అతనిది. 2013 నవంబరులో స్వీడన్‌తో ప్రపంచ కప్ అర్హత ప్లేఆఫ్, రొనాల్డో హ్యాట్రిక్. ఆ మూడింటిలో మొదటిదీ చివరిదీ మౌటిన్యో చీల్చి వేసిన పాస్‌ల మీదే. ఆ రాత్రి అందరం రొనాల్డో, ఇబ్రహిమోవిచ్‌ల ద్వంద్వ యుద్ధం చూశామని చెప్పుకున్నాం. నేనూ అలాగే చెప్పుకున్నాను, అది కూడా నిజమే కాబట్టి.

ఏడు గోల్స్

ఎదుటి వాదన బలహీనమైనదేం కాదు. జాతీయ జట్టుకి 146 మ్యాచులు, 7 గోల్స్. ఇరవై ఏళ్ళలో ఒక్క సీజన్‌లో కూడా ఇది మౌటిన్యో జట్టు అని ఎవరూ అనలేదు. 2017లో మొనాకో ఫ్రెంచ్ లీగు గెలిచి చాంపియన్స్ లీగ్ సెమీస్‌కి వెళ్ళినప్పుడు కూడా మధ్యలో మొదటి ఎంపిక ఫబీన్యో, బకయోకో. ఆ వేసవిలో ఎంబాపే, బెర్నార్డో సిల్వా, బకయోకో, మెండీ కోట్లకి కోట్లు పలికి వెళ్ళిపోయారు, మౌటిన్యో అక్కడే ఉండిపోయాడు. ఏడాది తర్వాత ఇంగ్లండు క్లబ్బు వుల్వ్స్ వాళ్ళు దాదాపు 50 లక్షల పౌండ్లకి తీసుకున్నారు. వుల్వ్స్ యజమానులకి పోర్చుగీసు ఏజెంటు జార్జ్ మెండెస్ బాగా దగ్గర, జట్టు నిండా పోర్చుగీసు వాళ్ళే, కోచ్ నూనో కూడా. పరిచయాల మీద దొరికిన ఉద్యోగం అన్నవాళ్ళున్నారు.

పరిచయం గేటు దాటిస్తుంది. ప్రీమియర్ లీగులోకి అప్పుడే పైకొచ్చిన జట్టుని వరసగా రెండేళ్ళు ఏడో స్థానంలో నిలబెట్టడానికి పరిచయం చాలదు. తనకంటే పదేళ్ళు చిన్నవాడైన రూబెన్ నేవెస్ పక్కన వారానికి వారం అతనే ఉండేవాడు. 

ఆ ఏడు గోల్స్ మాట. ఫిగో పోర్చుగల్‌కి ఆడినవి 127, రూయి కోస్తా 94. వాళ్ళిద్దరూ అతనికంటే గొప్ప ఆటగాళ్ళు, ఇందులో నాకు రెండో మాట లేదు. అయినా జాతీయ జట్టు వదిలేనాటికి మౌటిన్యో కంటే ఎక్కువ ఆడినవాడు రొనాల్డో ఒక్కడే. 146 సార్లు జాబితాలో పేరు రాసింది అభిమానులు కాదు, ఒకరి తర్వాత ఒకరు వచ్చిన కోచ్‌లు. గెలవకపోతే ఉద్యోగం ఊడే మనుషులు వాళ్ళు, జాలితో ఎవర్నీ ఆడించరు. విలువ కట్టడమే వృత్తిగా ఉన్నవాళ్ళు ఇంత విలువ కట్టాక, ‘ఎవరూ గుర్తించలేదు’ అన్నమాట ఎక్కడ నిలబడుతుంది?

గ్రూపులో ఈ మాటే అంటే మా వాడు లక్ష్మణ్‌ని తెచ్చాడు. "మన లక్ష్మణ్ లాంటివాడు బాసూ, పక్కన సచిన్, ద్రవిడ్ ఉండేసరికి…" హైదరాబాదులో ఈ పేరు ఎత్తితే వాదన ముగిసిపోవాలి. కానీ లక్ష్మణ్ 134 టెస్టులు ఆడి ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్ ఆడలేదు, 2003లో తీసుకోనందుకు ఆయన పడ్డ బాధలో న్యాయం ఉంది. మౌటిన్యోకి 2010 పోయినా, తర్వాత రెండు ప్రపంచ కప్పులు, మొత్తం నాలుగు యూరోలు దక్కాయి, ఒకటి గెలిచాడు. పోలిక అక్కడే తెగిపోతుంది.

నాకు గట్టిగా తగిలే ప్రశ్న ఇంకోటుంది. 2016లో హంగరీ మ్యాచ్‌లో అతని చోట దిగిన రెనాటో సాంచెజ్ ఆ టోర్నీలో ఉత్తమ యువ ఆటగాడు. బలం, వేగం, మనిషిని ఢీకొని దూసుకుపోవడం, అంతా మౌటిన్యోలో లేనిదే. ఆ నెల రోజుల రెనాటోని, ఇరవై ఏళ్ళ మౌటిన్యోని తూస్తే ఫుట్‌బాల్ ఎందుకు చూస్తామో అన్న దగ్గరికొస్తుంది. నేను టీవీ ముందు కూర్చునేది రెనాటో కోసమే. జర్మనీ క్లబ్బు బయర్న్‌కి వెళ్ళాక గాయాలూ తడబాట్లతో అతని దారి తప్పింది, అది వేరే సంగతి. ‘చూశారా, తాబేలే గెలిచింది’ అనే కథ చెప్పబుద్ధి కాదు నాకు. ఆ కుర్రాడు కాలిపోయినందుకు మౌటిన్యో గొప్పవాడు అయిపోడు. కానీ కోచ్‌గా వచ్చే సీజన్ జట్టు రాయమంటే నేను ముందు ఎవరి పేరు రాస్తానో నాకు తెలుసు.

ఓల్డ్ ట్రాఫర్డ్ తర్వాత

గోల్స్ కొట్టడు అన్నాం కదా. వుల్వ్స్ తరఫున అతని మొదటి గోల్ 2018 సెప్టెంబరులో, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, బాక్స్ అంచు నుంచి వంపు తిప్పి పై మూలకి. మాంచెస్టర్ యునైటెడ్‌తో 1-1 డ్రా. మళ్ళీ 2022 జనవరి 3న అదే మైదానం. 82వ నిమిషంలో ట్రఓరే వేసిన క్రాస్‌ని ఫిల్ జోన్స్ తలతో బయటికి కొట్టాడు, అది బాక్స్ బయట మౌటిన్యో ముందు పడింది. అదుపు చేసుకుని, ఒక్క అడుగు పక్కకి జరిపి, కింద మూలకి కొట్టాడు. 1-0. లీగులో వుల్వ్స్ అక్కడ గెలవడం 1980 తర్వాత అదే మొదలు. అతనికి 35 ఏళ్ళు, ఎదుటి జట్టులో రొనాల్డో. అయినా మర్నాటి కబుర్లన్నీ యునైటెడ్ ఎంత చెత్తగా ఆడిందన్న దాని మీదే.

ఆ ఏడాది చివర్లో కతార్ ప్రపంచ కప్ జట్టులో అతని పేరు లేదు. అది అన్యాయమని అప్పుడు కొందరు రాశారు, నాకు అలా అనిపించలేదు. బెర్నార్డో, బ్రూనో, విటీన్యా, నేవెస్, పాలిన్యా ఉన్న చోట 36 ఏళ్ళ మనిషిని పెట్టడమంటే ఇన్నాళ్ళూ చేసిన సేవకి శాలువా కప్పడమే. 2010లో పక్కనపెట్టినప్పుడు మాత్రం నాకు గట్టి అభ్యంతరముంది. అప్పుడు అతను ఆడగలడు. రెండూ ఒకే వరుసలో చేర్చి దురదృష్టవంతుడి చిట్టా రాయడం నాకు నచ్చదు.

2023లో వుల్వ్స్ ఒప్పందం అయిపోయాక సొంత దేశానికి తిరిగొచ్చి బ్రాగా క్లబ్బులో చేరాడు. స్పోర్టింగ్ కాదు, పోర్టో కాదు. మొదటి సీజన్లోనే బ్రాగా లీగ్ కప్పు గెలిచింది. ముప్పై ఎనిమిదేళ్ళు దాటినా ఆడుతున్నాడంటే, ఇంకా ఎందుకు, పేరుండగానే ఆపేయొచ్చుగా అనేవాళ్ళుంటారు. ఆ సలహా రొనాల్డోకి ఇస్తే ఒక అర్థముంది, అక్కడ కాపాడుకోవాల్సిన విగ్రహం ఉంది. మౌటిన్యోకి ఆ బరువు లేదు. వచ్చే ఆదివారం జాబితాలో పేరుంటే ఆడతాడు, 60వ నిమిషంలో దించితే దిగుతాడు, ఎవరో కుర్రాడు తనకంటే బాగా పరుగెత్తితే చోటిచ్చి బెంచి మీద కూర్చుంటాడు.